దొర కంట పడని చోట

ఆ ఇత్తడి పలక మీద నాలుగే మాటలు మిగిలాయి. పియానోలు, ఆర్గన్లు, హార్మోనియంలు. వాటి కింద, చోటు చాలక ఇరికించినట్టు, చిన్న అక్షరాల్లో మోటారు కార్లు. పైన కొట్టు పేరు కూడా ఉండేదట గానీ మూడు తరాల వాళ్ళు గుడ్డ పెట్టి తుడిచి తుడిచి దాన్ని అరగదీశారు. ఓడరేవు పక్క తంజోంగ్ పగార్ పేటలో ఒక పదకొండో అంతస్తు ఫ్లాటులో నేల మీద చతికిలబడి ఆ ఇంగ్లీషు అక్షరాలు చదువుకుని గట్టిగా నవ్వేశాను. వీణ కొనడానికి వెళ్ళినవాడికి ట్రాక్టరు అంటగట్టినట్టుంది యవ్వారం అనుకున్నాను. నవ్వు నాకున్న పెద్ద జబ్బు. ఎక్కడ నవ్వకూడదో సరిగ్గా అక్కడే వస్తుంది.

పలక ఉన్నది ఒక కాలి హార్మోనియానికి. ఒడిలో పెట్టుకుని ఒక చేత్తో తిత్తి ఊదే రకం కాదు. కుట్టు మిషనులా సొంత కాళ్ళ మీద నిలబడుతుంది. కింద రెండు తొక్కుడు పలకలు ఉంటాయి, వాటిని పాదాలతో తొక్కితే లోపలి తిత్తికి గాలి అందుతుంది, రెండు చేతులూ మెట్ల మీద ఆడతాయి. దాని యజమాని ఎనభై నాలుగేళ్ళ అంకుల్. ఈ ఊళ్ళోనే పుట్టి, ఓడరేవులో క్రేను నడిపి రిటైరైన మనిషి. వాళ్ళ తాత విశాఖ వైపు నుంచి ఓడెక్కి వచ్చి, ఆ పలక వేయించిన ఇంగ్లీషు దొర కొట్లో పనికి కుదిరాడు. అంకుల్ మాట్లాడేది ఆ తాత దగ్గర నేర్చిన తెలుగే. మధ్యలో కాస్త అరవం, కాస్త మలయ్ తగులుతుంటాయి.

ఆయన ఉంటున్న బ్లాకు కూల్చేస్తున్నారు. కూతురు దగ్గరికి మారాలి. ఆవిడ ఊరికి ఇంకో కొసన, చోవా చూ కాంగ్‌లో మా వరసలోనే, మా ఫ్లాటుకి మూడు తలుపుల అవతల ఉంటుంది. నేను అక్కా అంటాను, ఆవిడ నన్ను చెల్లీ అంటుంది. తండ్రి వస్తున్నందుకు అక్కకి సంతోషమే గానీ ఆయనతో పాటు ఈ పెట్టె వస్తుందంటే ఒళ్ళు మండింది. పదేళ్ళ నుంచి అది మూగది. అంకుల్ భార్య వాయించేది, ఆవిడ చనిపోయిన ఏడాదే తిత్తి కూడా చిరిగింది, మళ్ళీ ఎవరూ ముట్టుకోలేదు.

"పలికితే రానీ చెల్లీ, హాల్లో సోఫా జరుపుతాను" అంది అక్క. "పలక్కపోతే శనివారం పాత సామాను లారీకే. మా ఇల్లు మ్యూజియం కాదు లా."

చివర లా తగిలించడం ఈ ఊరి అలవాటు, కానీ ఆవిడ అదంతా తండ్రి ముందే అంది. ఆయన హార్మోనియం మీద ఉన్న క్రోషియా గుడ్డ కొస సరిచేస్తూ కూర్చున్నారు. ఎనభై నాలుగేళ్ళ మనిషి ఇల్లంతా వదిలేసి వస్తూ అడిగింది ఆ ఒక్క వస్తువే. నాకు అక్క మీద కోపం వచ్చింది, వెంటనే జాలి కూడా వేసింది. మూడు గదుల ఫ్లాటులో ఆవిడ మాత్రం ఏం చేస్తుంది.

"నేను పలికిస్తాను" అన్నాను.

అనడం అయితే అనేశాను. నాకు ఉన్న అర్హతలు రెండు. మా మేనమామ తెనాలి వైపు పద్య నాటకాలకి హార్మోనియం వాయించేవాడు, తిత్తి చిరిగితే తోలు ముక్క ఎలా అతికించేవాడో చిన్నప్పుడు పక్కన కూర్చుని చూశాను. రెండోది నా ఉద్యోగం. జురాంగ్ ఐలాండ్‌లో ఒక ప్లాంటులో పంపులు చూస్తాను. పంపు తిరుగుతుండగా ఇనప చువ్వ ఒక కొస దాని ఒంటికి, ఇంకో కొస నా చెవి పక్క ఎముకకి ఆనించి, లోపల బేరింగు ఎలా ఉందో చెప్పగలను. ఈ విద్య చూసుకుని నాకు కాస్త పొగరు. కాస్త ఏమిటి, బాగానే ఉంది.

ఆ ఆదివారమే వెనక చెక్క విప్పి, తిత్తి చిరుగు మీద తాత్కాలికంగా ప్లాస్టరు టేపు వేసి, నాలుగుసార్లు తొక్కి ఒక మెట్టు నొక్కాను. పలికింది. పలికిన స్వరం నిలబడలేదు, సన్నగా వణికింది. ఎండలో తారు రోడ్డు మీద గాలి ఆడినట్టు పైకీ కిందికీ ఊగుతూ ఉంది. ఇంకో మెట్టు నొక్కితే అదీ అంతే, కాకపోతే ఊపు కాస్త నిదానం. అంకుల్ కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నారు. ఆయన పాదం నేల మీద మెల్లగా కదులుతోంది, ఎవరికో తొక్కడంలో సాయం చేస్తున్నట్టు.

నేను ఫోనులో రాసుకున్నాను: అన్ని స్వరాలూ వణుకుతున్నాయి, లోపం, సరిచేయాలి.

ఆ మధ్యాహ్నమంతా అంకుల్ కథ చెబుతూనే ఉన్నారు. దొర రాణీగారి కాలంలో ఈ ఊరొచ్చి పియానోల కొట్టు పెట్టాడట. ఇక్కడి ఉక్కకి జిగురు కరిగి పియానోలు అతుకులు విడిపోయేవి, వాటి కాళ్ళకి చెదలు పట్టకుండా కింద నీళ్ళ పళ్ళేలు పెట్టేవాళ్ళు. తాత మొదట ఆ పళ్ళేల్లో నీళ్ళు పోసే పనివాడే. చెవి మంచిదని తెలిశాక దొర ఆయనకి శ్రుతి చేయడం నేర్పాడు. కొన్నేళ్ళకి దొరకి మోటారు కార్ల మీద మనసైంది. వేరే కొట్టు తీసే ఓపిక లేక మొదటి కారుని తెచ్చి పియానోల మధ్యే నిలబెట్టాడు. దాని హ్యాండిలు తిప్పి స్టార్టు చేస్తే కొట్లో ఉన్న పియానోల తీగలన్నీ వాటంతటవే గుయ్యిమనేవి. అందరూ చెవులు మూసుకుంటే తాత చెవి పెట్టాడు. ఒక పియానో పెడలు కాలితో నొక్కి పట్టుకుంటే తీగల్ని అదిమి ఉంచే మెత్తలు పైకి లేస్తాయి, ఇంజను మోతలో దేనికి దేనితో పొత్తు కుదిరితే ఆ తీగ ఒక్కటే గట్టిగా పలుకుతుంది. ఏ తీగ పలికిందో విని ఇంజనులో ఎక్కడ తేడా ఉందో చెప్పేవాడట. ఊళ్ళో దొరలు కార్లు జబ్బు పడితే పియానోల కొట్టుకి తోసుకొచ్చేవాళ్ళట.

ఇదంతా నాకు తేనె తాగినట్టుంది. మేం ఈ రోజున పంపుకి సెన్సరు తగిలించి కంప్యూటరు తెర మీద చూసేది అదే పని. ఆ తాత చెప్పుల్లేని కాలితో పెడలు నొక్కి చేశాడు. ఇంత విన్నదాన్ని, తర్వాతి ముక్క దగ్గర మాత్రం నా బుద్ధి తిత్తి చిరుగు మీదకి పోయింది. సగమే విన్నాను.

మోటారు వచ్చిన ఏడు దసరాకి తాత కొట్లో ఆయుధపూజ చేస్తానన్నాడట. మన అలవాటు తెలిసిందేగా, చేసే పనికి ఏ వస్తువు ఆధారమో దానికి ఆ రోజు గంధం, కుంకం పెట్టి దణ్ణం పెట్టుకోవాలి. పియానోలకి, ఆర్గన్లకి, కారుకి అన్నిటికీ పెడతానన్నాడు. దొర ససేమిరా అన్నాడు. అమ్మే సరుకు మీద ఎర్ర మరకలేమిటన్నాడు. తాత ఎదురు చెప్పలేదు. ఏటా దసరా మర్నాడు ఇంట్లో ముసిముసిగా నవ్వుతూ ఒక మాట అనేవాడట. అంకుల్ దాన్ని తాత గొంతుతోనే చెప్పారు.

"పెట్టాల్సిన సోట పెట్టీసినాను, దొర కంట పడని సోట."

కారు కింద ఎక్కడో పెట్టి ఉంటాడని ఇంట్లో అందరూ అనుకునేవాళ్ళు. ఇంకొన్నేళ్ళకి దొర సంగీతం సామానంతా అమ్మేసి పూర్తిగా కార్లలోకి దిగిపోయాడు. ఈ ఒక్క హార్మోనియం మాత్రం గొంతు వణుకుతోందని ఎవరూ కొనలేదు. కొట్లో అన్నిటికీ శ్రుతి చేసిన తాత దీని వణుకు మాత్రం కుదర్చలేకపోయాడట. దొర విసుగెత్తి దీన్ని ఆయనకే ఇచ్చి పంపేశాడు.

ఆ తాతా కుదర్చలేదు, ఆ దొరా చేయించలేదు, ఇదిగో తెనాలి అమ్మాయి చేసి చూపిస్తుంది అనుకున్నాను. నా ఖర్మ అక్కడ మొదలైంది.

విప్పేముందు ఫొటోలు తీశాను, అది ప్లాంటులో అలవాటు. రీడుల పలకలు రెండు, పైదీ కిందిదీ. ఒక్కో పలకకి నలభై రెండు రీడులు, గాలికి అదిరి పలికే సన్నటి ఇత్తడి నాలికలు. ఒక మెట్టు నొక్కితే పై రీడు, కింది రీడు రెండూ కలిసి పలుకుతాయి. రెండు పలకల్నీ పాత చీరలో చుట్టుకుని రైల్లో గుండెకి హత్తుకుని ఇంటికి తెచ్చాను. ఎదుటి సీటులో ఒక చైనీస్ ఆంటీ, లోపల పసిపిల్ల ఉందనుకుందో ఏమో, లేచి నాకు మూల సీటు ఇచ్చింది.

ఆ వారమంతా నేను రెండు ఊళ్ళలో బతికాను. పొద్దున్నే ప్లాంటు బస్సు జురాంగ్ ఐలాండ్ వంతెన ఎక్కుతుంటే కళ్ళు మూతలు పడేవి, మూత పడగానే కొట్టు తెరుచుకునేది. పొడుగాటి గది, తలుపు చెక్కల్లోంచి పడే ఎండ చారలు, నీళ్ళ పళ్ళేల్లో కాళ్ళు పెట్టుకుని నిలబడ్డ నల్లటి పియానోలు. వాటి మధ్య ఇత్తడి దీపాల కారు, పెళ్ళివారింటికి పొరపాటున వచ్చిన ఏనుగులా ఇరుకిరుగ్గా. దొర తెల్ల కోటు వేసుకుని ఎవరో దొరసానికి పియానో మీద పాట వాయించి చూపిస్తున్నాడు. ఆ పాటకి కారు దీపాల అద్దాలు గలగలలాడుతున్నాయి. దొరసాని పాట వదిలేసి కారు వైపు చూస్తోంది. ఒక మూల తాత నిలబడి ఉన్నాడు. నేను ఎప్పుడు కలగన్నా ఆయన వీపే కనిపించేది, ముఖం కనిపించేది కాదు. ఏదో పెట్టె మీదకి వంగి పని చేసుకుంటున్నాడు. ఏం చేస్తున్నాడో చూద్దామని దగ్గరికి వెళ్ళేసరికి బస్సు చెక్‌పోస్టు దగ్గర ఆగేది, పాసు తీయమనేవాళ్ళు. పంపుల మధ్య తిరుగుతున్నా ఆ గది నా వెంట ఉండేది. మధ్యాహ్నం ఒక పంపు మోత వింటూ, ఇప్పుడు పక్కన పియానో ఉంటే ఏ తీగ పలుకుతుందా అనుకున్నాను. సూపర్‌వైజరు వచ్చి నిద్రపోతున్నావా అని అడిగాడు.

బుధవారం సాయంత్రం రీడులు శుభ్రం చేశాను. కింది వరస కాస్త నల్లబడింది, అంతే. పై వరసలో ప్రతి రీడు కొసనా ఎర్రటి పెచ్చు కట్టి ఉంది. తుప్పు అనుకున్నాను.

ఈ వాక్యం రాయడానికి ఈ రోజుకీ నాకు తల కొట్టేసినట్టుంటుంది. ఇరవై రెండేళ్ళుగా లోహాలకి పట్టే రోగాలు చూసే ఉద్యోగం చేస్తున్నాను. ఇత్తడికి ఎర్ర తుప్పు పట్టదు. ఇత్తడికి పడితే చిలుము పడుతుంది, పచ్చగా ఉంటుంది. వంటింట్లో దేవుడి గంట తోమే ఏ ఆడదాన్ని అడిగినా చెబుతుంది. నాకు తెలియదా? తెలుసు. తెలిసినదంతా ఆ సాయంత్రం ఏ గట్టు మీద కూర్చుందో.

ఇత్తడి అనగానే చింతపండు నానబెట్టాను. రీడుల పనివాళ్ళు వింటే నా వీపు విమానం మోత మోగిస్తారు, కానీ మా అమ్మ దగ్గర నేర్చిన పద్ధతి అదే. పల్చగా పిసికిన గుజ్జు, పాత పళ్ళ బ్రష్షు, ఒక్కో రీడూ పూజ సామాను తోమినంత శ్రద్ధగా తోమాను. స్టీలు బేసినులో నీళ్ళు ఎర్రగా తిరిగాయి. పదిహేనేళ్ళ మా అమ్మాయి మంచినీళ్ళకి వచ్చి కాసేపు చూసి, లోపల ఎవరు చూస్తారని అంత తోముతున్నావు లా అంది. లోపల కాబట్టే తోమాలే, పైపైన తోమేది నీ షూస్ అన్నాను. బేసిను ఎత్తి సింకులో వంచేశాను.

ఆరిన తర్వాత శ్రుతి చూసే యాప్ పెట్టుకుని ఒక్కో రీడునీ గాలితో పలికించి చూస్తే ఆశ్చర్యం. పై వరస, కింది వరస అచ్చంగా కలిసిపోయాయి. నేను ఆకురాయి పట్టాల్సిన పనే లేకపోయింది. ఇంతోటి పనికి తాత ఎందుకు తంటాలు పడ్డాడో అనుకున్నాను. మేనమామ ఉంటే ఫోను చేసి గొప్ప చెప్పుకునేదాన్ని.

గురువారం సాయంత్రం ప్లాంటు నుంచి తిన్నగా తంజోంగ్ పగార్ వెళ్ళాను. అక్క అప్పటికే అక్కడ అట్టపెట్టెలు కడుతోంది. తిత్తికి కొత్త తోలు అతికించి, పలకలు బిగించి, తొక్కాను. నలభై రెండు మెట్లూ పలికాయి. ఒక్క దానిలో వణుకు లేదు. గీత గీసినట్టు, తేటగా, గది నిండా. అక్క చేతిలో టేపు వదిలేసి వచ్చి నిలబడింది. అయ్యో ఇంత బాగుంటుందా, సోఫా జరుపుతాను చెల్లీ, మాటంటే మాటే అంది.

నేను అంకుల్ వైపు తిరిగాను. ఆయన కళ్ళు మూసుకోలేదు. పెద్దవి చేసి హార్మోనియం వైపే చూస్తున్నారు, తలుపు తీస్తే అనుకున్న మనిషి కాక వేరే మనిషి నిలబడి ఉన్నట్టు. ఇంకోసారి వాయించమన్నారు. వాయించాను. ఆ రోజు వాయించినట్టు వాయించమన్నారు. అదే మెట్టు అంకుల్ అన్నాను.

"బాగుందమ్మా. బాగా సేసినావు" అన్నారు చివరికి. "కానీ ఇది మా ఇంటి గొంతుక కాదు. ఎవరిదో. సుదా లా, పట్టుకుపోనీ."

సుదా లా అంటే మలయ్‌లో ఇక చాలు, వదిలేయ్ అని. అక్క తెల్లబోయింది. అది కాదు నాన్నా, పలికింది కదా, తెచ్చుకుందాం అంది. ఆయన తల అడ్డంగా ఊపారు. పలికే పెట్టె నాకెందుకు, షాపుల్లో బోలెడున్నాయి, మీ అమ్మ పలికే పెట్టె కావాలి గానీ అన్నారు. క్రోషియా గుడ్డ మడిచి అక్క చేతికిచ్చారు, ఇది మాత్రం అట్టపెట్టెలో పెట్టు అని.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఉన్నమాట చెబుతున్నాను, ఏడుపు రాలేదు, కోపమే వచ్చింది. అంత తోముడికి నా వేళ్ళు చింతపులుపుకి పగిలాయి, పెద్దాయనకి మతి ఉండే మాట్లాడుతున్నారా అనుకున్నాను. సంచి సర్దుకుని, వస్తానక్కా అని ముభావంగా చెప్పి రైలెక్కాను. నాలుగు స్టేషన్లు దాటేసరికి కోపం దిగింది. దిగాక అడుగున ఏముందో తెలిసింది. భయం. పలికినా వద్దన్నారంటే పాడైంది పెట్టె కాదు, నేనేదో పాడుచేశాను. ఏం చేశానో తెలియదు. శనివారం పదింటికి లారీ వస్తుంది.

శుక్రవారం దసరా. సాయంత్రం మా కారుకి పూజ చేద్దామని మా బ్లాకు పక్క కారు పార్కింగులో మూడో అంతస్తుకి వెళ్ళాం. నాకు మనసు మనసులో లేదు. నిమ్మకాయలు చక్రాల కింద పెడుతూ, అద్దానికి, స్టీరింగుకి బొట్టు పెట్టమని గిన్నె మా అమ్మాయి చేతికిచ్చాను. అది అటూ ఇటూ చూసింది. అవతల వరసలో వాళ్ళ స్కూలు పిల్లలెవరో ఉన్నారు. నేను నిమ్మకాయలు పెట్టి లేచి చూస్తే కారు మీద ఎక్కడా బొట్టు లేదు. పెట్టలేదేమే అన్నాను.

"పెట్టాను మమ్మీ. బానెట్ లోపల, ఇంజన్ మీద. అక్కడైతే ఎవరికీ కనబడదు లా."

నేను దాని చెయ్యి పట్టుకున్నాను. వేలి కొసన గంధం, కుంకం తడిగా, ఎర్రగా. ఆ ఎరుపు నేను బుధవారం చూశాను. స్టీలు బేసినులో, నీళ్ళలో తిరుగుతూ.

పూజ పళ్ళెం కారు మీదే పెట్టేసి ఫోను తీశాను. విప్పేముందు తీసిన ఫొటో పెద్దది చేసి చూశాను. పై వరసలో నలభై రెండు రీడులు, ప్రతి దాని కొసనా ఒక గుండ్రటి ఎర్ర చుక్క. ఏటేటా ఒకదాని మీద ఒకటి పెట్టిన పొరలు. కొన్నిటి మీద వేలి గీతలు కూడా కనబడుతున్నాయి. తుప్పుకి వేలిముద్రలు ఉంటాయా? దొర కంట పడని చోటు కారు కింద కాదు. కొట్లో సరుకు మొత్తానికీ కలిపి ఆయన ఈ ఒక్క పెట్టె లోపల పెట్టాడు.

వణుకు సంగతి కూడా ఒక్క క్షణంలో విడిపోయింది. రీడు కొసకి బరువు చేరితే దాని స్వరం ఇసుమంత కిందికి దిగుతుంది. పై రీడుకి బొట్టుంది, కింది రీడుకి లేదు. ఒకే మెట్టుకి రెండూ కలిసి పలికితే ఆ ఇసుమంత తేడాకి గొంతు ఊగుతుంది. అంకుల్ నాయనమ్మ పాడుకున్నా, అమ్మ పాడుకున్నా, భార్య పాడుకున్నా ఆ ఊపు మీదే పాడుకున్నారు. తిత్తి అతికించి ఊరుకుంటే సరిపోయేది. నా చేతులు ఊరుకోవుగా. అప్పుడొచ్చింది ఏడుపు, పార్కింగులో, నిమ్మకాయల మధ్య. మా అమ్మాయి కంగారుపడి, కావాలంటే బయట కూడా పెడతాను అని గిన్నె తీసుకుంది.

శనివారం పొద్దున్న ఏడింటికల్లా అంకుల్ ఇంటి తలుపు కొట్టాను. ఇల్లంతా అట్టపెట్టెలు. హార్మోనియం ఒక్కటే పక్కగా, గుడ్డ లేకుండా, గోడకి మొహం పెట్టి ఉంది. ఫోను ఆయన చేతికిచ్చి, దాచకుండా చెప్పేశాను. తుప్పనుకున్నానని, తోమేశానని, నీళ్ళు సింకులో పోశానని.

ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని ఫొటో చూశారు. తర్వాత అద్దాలు తీసి, తెర మీద ఒక చుక్కకి తన వేలు ఆనించారు. ఫొటో జరిగిపోయింది. మళ్ళీ తెచ్చి పెట్టాను. మళ్ళీ ఆనించారు.

"ఆయన వేలు కడిగీసినావన్నమాట" అన్నారు.

అవును అంకుల్ అన్నాను. ఇంకేమంటాను? తిడితే బాగుండనిపించింది. ఆయన తిట్టలేదు. కాసేపటికి ఆయన భుజాలు ఊగుతుంటే ఏడుస్తున్నారనుకున్నాను. నవ్వుతున్నారు. ముసలోడు ఎంత దొంగ అమ్మా అన్నారు. ఊళ్ళో ప్రతి పియానోకీ శ్రుతి చేసినవాడికి దీని వణుకు కుదర్చడం రాదా? తనే చెడగొట్టి, తనే కుదరడం లేదు దొరా అని, చివరికి ఊరికే ఇంటికి తెచ్చుకున్నాడు. ఎనభై ఏళ్ళుగా ఈ పెట్టె మీద దుమ్ము తుడుస్తున్నాను, నాకు ఈ రోజు తెలిసింది అన్నారు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు. అప్పుడు దేవుడి సామాను కట్టిన పెట్టె వైపు చూపించారు.

"గంధం సెక్క అందులో ఉంది. తియ్యి."

పెట్టె టేపు చింపాను. సానరాయి మీద గంధం నేను తీశాను, కుంకం ఆయన కలిపారు. పై వరస పలక విప్పి బల్ల మీద పెట్టాను. ఎనభై నాలుగేళ్ళ వేలు, కాస్త వంకర తిరిగింది, క్రేను మీటలు పట్టి కాయలు కాసింది. ఒక్కో రీడు కొసకీ ఆనించి తీస్తున్నారు. నేను తోమి తోమి మెరిపించిన ఇత్తడి మీద ఒక్కో చుక్కా పడుతుంటే లోపల పనిమంతురాలికి ప్రాణం గిలగిల్లాడింది. యాప్‌లో అంత చక్కగా కుదిరిన శ్రుతి నా కళ్ళ ముందే చెడిపోతోంది. నేను పలక కదలకుండా పట్టుకున్నాను.

ముప్ఫయ్యో రీడు దగ్గర ఉండగా అక్క వచ్చింది, వెనకే సామాను మోసేవాళ్ళు. బల్ల నిండా కుంకం చూసి, నాన్నా ఏమిటిది, పలికేదాన్ని మళ్ళీ పాడుచేస్తున్నారా అని గట్టిగానే అంది. ఒక్క పావుగంట అక్కా అన్నాను. ఏం జరిగిందో చెప్పే ఓపిక నాకూ లేదు, వినే తీరిక ఆవిడకీ లేదు. కానీ తండ్రి మొహం చూసింది. చూసి, లారీ వాళ్ళని కిందికి వెళ్ళి కాఫీ తాగి రమ్మంది.

నలభై రెండు అయ్యాక అట్టపెట్టెలోంచి టేబుల్ ఫ్యాను బయటికి లాగి గాలికి పెట్టాను. గంధం పైపైన ఆరింది. పలక బిగించాను. అంకుల్ మోకాళ్ళు తొక్కనివ్వవు కాబట్టి నేను కూర్చుని తొక్కాను, ఆయన నిలబడి ఒక మెట్టు నొక్కారు.

గొంతు ఊగింది.

మునుపటి కంటే కాస్త గబగబా ఊగింది. చుక్క తడిగా ఉంది, పైగా ఈయన వేలు లావు, బరువెక్కువ పడింది. నోరు ఊరుకోక ఆ మాట పైకే అన్నాను. పాత దానికీ దీనికీ తేడా ఉంది అంకుల్, ఆరాక కొంత కుదురుతుందేమో అన్నాను. ఆయన నా మాట వినలేదు, లేదా విని వదిలేశారు. కళ్ళు మూసుకుని ఇంకో మెట్టు నొక్కారు, ఇంకోటి. నేల మీద ఆయన పాదం కదులుతోంది. బస్సు కలలో నాకు వీపు మాత్రమే కనిపించిన మనిషి ఆ మూల ఏం చేస్తున్నాడో నాకు అప్పుడు కనిపించింది. అక్క అట్టపెట్టె మీద కూర్చుండిపోయింది. అమ్మ గొంతు అంది మెల్లగా, ఎవరితోనూ కాకుండా.

లారీ వాళ్ళు తిరిగొచ్చారు. ఇది పారేసేదా, వచ్చేదా అని అక్కని అడిగారు. అక్క లేచి, మడిచిన క్రోషియా గుడ్డ వెతికి తెచ్చి హార్మోనియం మీద పరిచింది. ఇద్దరూ చెరో వైపు వంగి కాళ్ళు పట్టుకున్నారు. అంకుల్ వాళ్ళ వెనకే నడుస్తూ తలుపు దాకా వెళ్ళి, ఎర్రటి వేలు చూపిస్తూ చెప్పారు.

"మెల్లగా ఎత్తండి. లోపల తడి ఇంకా ఆరలేదు."